రవికెబట్టల తెర

సిస్టరమ్మ ఏదైనా అడిగితే, అడిగిన వెంటనే అటు తిరిగేది. జవాబు చెప్పేవాళ్ల మొహం చూసేది కాదు. పొయ్యి పక్కన ఎంగిలి గ్లాసులుంటే కడిగేది, దండెం మీద ఆరిన బట్టలుంటే తీసి మడతపెట్టేది. మనం ఆమె వీపుతో మాట్లాడాలి. తెలియనివాళ్లు ఇదేం పద్ధతి అనుకునేవారు. ఆ అలవాటు ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. ఎక్కడ, ఎవరి ముందు నేర్చుకుందో నాకు తెలుసు.

తెలంగాణ వచ్చిన సంవత్సరం వానాకాలంలో ఆమె పోయింది. పాలు పోయడానికి వచ్చినాయన చెబితే తెలిసింది. "చర్చి పక్క దవాఖాన సిస్టరమ్మ పోయిందట అక్కా, నీకు ఎరుకైందా?" అన్నాడు. నా చేతిలో పాలగిన్నె ఉంది. అది కింద పెట్టి గడపలో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ముందు వచ్చింది సిగ్గు. ఆమె గుర్తొస్తే నాకు ఎప్పుడూ ముందు వచ్చేది అదే.

ఆమె పేరు నేను రాయను. ఆమె నా పేరు ఎక్కడా చెప్పలేదు మరి.

పొట్టి మనిషి, కాస్త లావు. తెల్లచీర, నల్లగొడుగు. ఎండ లేకపోయినా, వాన లేకపోయినా గొడుగు తెరిచే ఉండేది. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద తెల్లచీర ఎంతసేపు తెల్లగా ఉంటుంది? "దుమ్ముకు దొరక్కుండ పోతున్న బిడ్డా" అనేది. దొరికేది పాపం, రోజూ. వాళ్ల నాయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి, చర్చిలో ముందు వరుసలో కూర్చునే కుటుంబం. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గని మీద బ్లాస్టింగ్ సైరన్ మోగితే మాట మధ్యలో ఆపేది. ఇంట్లో గిన్నెలన్నీ ఒకసారి గలగలమని ఊరుకున్నాక, ఆపిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టేది. మేమందరం అలవాటుపడి బ్లాస్టింగ్‌లోనే అరుచుకుంటూ మాట్లాడేవాళ్లం. ఆమె మాత్రం ఒక్క మాట కూడా దుమ్ములో పోనిచ్చేది కాదు.

మా ఆయన ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. కాంట్రాక్టు మనిషి కాబట్టి మాకు కంపెనీ క్వార్టరూ లేదు, కంపెనీ దవాఖాన కార్డూ లేదు. గోదావరిఖని శివార్లలో రేకుల ఇల్లు, దాంట్లో ఒక కుట్టుమిషను, అది నాది. మా వాడలో ఆడవాళ్లందరి కాన్పులూ ఆ చర్చి పక్కనున్న చిన్న దవాఖానలోనే. ఒక డాక్టరమ్మ, ఆమె కింద సిస్టరమ్మ, సిస్టరమ్మ కింద కొందరు నర్సులు, ఊడ్చి తుడిచే ఒక ఆయమ్మ.

ఆమెకు దవాఖాన అంటే ప్రాణం. అక్కడ కాన్పు అయిన ప్రతి ఇంటికీ పురుడు నాడు వచ్చేది. మా దగ్గర పురుడు అంటే బాలింతకు నీళ్లుపోసి, బిడ్డను తొట్లెలో వేసి, పురుడుపోసిన మనిషి చేతిలో రవికెబట్ట పెట్టి దండం పెట్టే రోజు. అత్తలు పళ్లెంలో పసుపు, కుంకుమ, రవికెబట్ట పట్టుకొచ్చేవారు. "బొట్టు నాకొద్దు అవ్వా, బట్ట ఇయ్యి" అని నవ్వి, బట్ట మాత్రం తీసుకుని సంచిలో పెట్టుకునేది. అప్పుడు అడిగేది.

"దవాఖానల అంత మంచిగనేనా? ఏమన్న తక్కువైతే చెప్పున్రి, మంచిగ చేసుకుంటం."

ఎవరు చెబుతారు? పురుడుపోసిన చేతిని ఆ రోజు తప్పుపడితే బిడ్డకు తగులుతుందని మావాళ్ల భయం. శుభమా అని బిడ్డను తొట్లెలో వేసి, నిన్నటి ఏడుపు ఇవాళ తీస్తారా? అందరిదీ ఒకటే జవాబు. మంచిగనే ఉండె సిస్టరమ్మా. ఆమె సంతోషంగా గొడుగు తెరుచుకుని ఇంకో పురుడు ఇంటికి పోయేది.

నా పురుడు నాడు కూడా వచ్చింది. నా ముందు కూర్చుని అదే అడిగింది. నేను ఆమె చీర అంచు చూస్తూ కూర్చున్నాను. మా అత్త మోచేత్తో పొడిచింది. "మంచిగనే ఉండె" అన్నాను. సిస్టరమ్మ నా చెంప మీద ప్రేమగా తట్టింది. ఆ చెయ్యి తగలగానే నా ఒళ్లు బిగుసుకుపోయింది. ఆ చెయ్యి నాకు తెలుసు.

ఇప్పుడు చెప్పాలి. ఇన్నేళ్లయినా ఇక్కడికి వచ్చేసరికి నాకు కలం సాగదు.

తొలి కాన్పు. నొప్పులు పెద్దవయ్యాక నన్ను టేబుల్ ఎక్కించారు. నడుము కింద గుడ్డ లేదు. గది తలుపు సగం తెరిచి ఉంది, బయట బిల్లులు రాసే ఆయన అటూ ఇటూ తిరుగుతున్నాడు. ముక్కు ముక్కు అని అరిచారు. ముక్కాను. బిడ్డ రాలేదు, ఒంట్లో ఉన్నది బయటికి వచ్చింది. టేబుల్ అంతా పాడైంది. ఆయమ్మ ముక్కు మూసుకుని "థూ, ఇంట్ల గూడ గిట్లనే చేస్తవా?" అని అరిచింది. ఆ అరుపుకు సిస్టరమ్మ వచ్చింది. చూసింది. నా తొడ మీద చాచి కొట్టింది. "సిగ్గు లేదా నీకు?" అంది.

అప్పుడే బిల్లుల ఆయన తలుపు సందులోంచి చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు. తిప్పుకోకపోయినా బాగుండేది, చూడలేదేమోనన్న అనుమానం మిగిలేది. తర్వాత నొప్పి గుర్తులేదు. కూతురు పుట్టింది, చూపించారు, ఏడ్చాను. సంతోషంతో అనుకున్నారు.

సిగ్గు లేదా అని అడిగింది కదా. ఆ రోజు నుంచి నాకు సిగ్గు తప్ప ఇంకేమీ లేదు. బజారులో బిల్లుల ఆయన ఎదురైతే సందులోకి మళ్లేదాన్ని. మా ఆయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. చెప్పాలంటే ముందు నేనేం చేశానో చెప్పాలి కదా.

బిడ్డ బోర్లాపడే రోజుల్లో సిస్టరమ్మ మళ్లీ మా ఇంటికి వచ్చింది. ఈసారి పెద్ద మూటతో. మిషను పక్కన మూట విప్పింది. అన్నీ రవికెబట్టలే. ఆకుపచ్చవి, ఎర్రవి, పసుపువి, పువ్వులవి, జరీ గీతవి.

"నేను తొడిగేది తెల్లరవికె. ఇవన్ని ఏం చేసుకోను? మంచాల మీదికి దిండుగలీబులు కుట్టియ్యి" అంది. అని, ఒక్కో బట్ట తీసి నాకు చూపించడం మొదలుపెట్టింది. ఇది ఫలానా వాడలోది, ఇది కమాన్‌పూర్ నుంచి వచ్చినామెది. ఆమె మొహం వెలిగిపోతోంది. "సూడు బిడ్డా, గిన్ని ఇండ్లకు పోయిన. ఒక్కలంటే ఒక్కలు మా దవాఖానను తప్పుపట్టలే."

నా చేతిలో కత్తెర ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో, కోపం వచ్చింది.

"గివి మంచిగుందని ఇచ్చినయి కావు సిస్టరమ్మా" అన్నాను. "పురుడు నాడు ఇయ్యాలె గనుక ఇచ్చినయి. కొట్టినా ఇస్తరు, తిట్టినా ఇస్తరు. మా అత్త ఇయ్యలేదా?"

"కొట్టుడేంది? మా దవాఖానల ఎవరు కొట్టిన్రు నిన్ను?"

"మీరే."

ఆమె నావైపు చూసింది. నేనెవరో మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"నేను కొట్టిన్నా? నేనెందుకు కొడత బిడ్డా? నీకు నొప్పులల్ల ఏమన్న అనిపించిందేమో." ఆ మాట పూర్తవకుండానే మూట కట్టేసింది. ముడి సరిగా పడలేదు. వాకిట్లో ఒక పచ్చబట్ట జారిపడింది. చూసుకోకుండానే పోయింది, గొడుగు కూడా తెరవలేదు. ఆ పచ్చబట్ట దులిపి మిషను మీద పెట్టుకున్నాను. నాకు గెలిచినట్టు లేదు. తలుపేసుకుని, ఇంకోసారి కాన్పొస్తే ఎక్కడికి పోవాలిరా దేవుడా అని ఏడ్చాను.

కొన్ని రోజులకు అదే మూటతో మళ్లీ వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మిషను పక్కన కింద కూర్చుంది.

"మళ్ల చెప్పు. మొదటికెల్లి చెప్పు. ఏది ఇడిసిపెట్టకు" అంది.

చెప్పబోయాను. ఆమె కళ్లు నా కళ్లలో ఉన్నాయి. కొట్టిన సంగతి చెప్పగలను, ఎందుకు కొట్టిందో చెప్పలేను. దారం తెంపాను, మళ్లీ ఎక్కించాను. ఆమెకు అర్థమైనట్టుంది. మెల్లగా అటు తిరిగి, మిషను కింద పడ్డ బట్టపీలికలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. తెల్లచీర, వంగిన వీపు. ఆ వీపుకు చెప్పాను. తలుపు సంగతి, బిల్లుల ఆయన సంగతి, టేబుల్ సంగతి, ఆయమ్మ అన్న మాట, తొడ మీది దెబ్బ. ఆ రోజు ఆమె నోటి నుంచి వచ్చిన మాట కూడా చెప్పాను.

మధ్యలో సైరన్ మోగింది. ఇద్దరం ఆగాం. గిన్నెలు గలగలమన్నాయి. ఆ తర్వాత మిగిలింది చెప్పాను.

ఏరిన పీలికలన్నీ ఆమె ఒళ్లో పెట్టుకుంది. "నాకు యాదికి లేదు బిడ్డా" అంది. "దేవుని తోడు, ఎంత గుర్తుచేసుకున్నా యాదికొస్తలేదు. గదే భయమైతంది. ఎందర్ని కొట్టి మర్చిపోయిన్నో."

క్షమించమని అడగలేదు. అడిగితే ఏమనాలో నాకూ తెలియదు. లేచి పోతూ, "దిండుగలీబులొద్దు. ఆ బట్టలన్ని కలిపి తెర కుట్టు. టేబుల్ సుట్టు వచ్చేటట్టు కుట్టు" అంది.

కుట్టాను. వాకిట్లో జారిపడిన పచ్చబట్టను నడుమ వేశాను. కుట్టి పంపాక కబురు పెట్టింది, వచ్చి చూడమని. ఆ గది గడప దగ్గరే ఆగిపోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి తెర లాగింది. "సరిపోయిందా? చెప్పు" అని, నావైపు చూడకుండా ట్రేలో కత్తెరలు సర్దుతూ నిలబడింది. రంగురంగుల తెర, జాతరలో డేరాలాగా ఉంది. నవ్వొచ్చింది. కానీ కింద జానెడు సందు ఉంది. "కాళ్లు కనవడ్తయి అమ్మా" అన్నాను. ఆ సాయంత్రమే మళ్లీ మా ఇంటికి తెర వచ్చింది, కింద ఇంకో వరుస వేశాను.

అప్పటి నుంచి ఆమె పురుళ్లకు పోవడం మానేసింది. నెల దాటాక, మగవాళ్లు షిఫ్టులకు, అత్తలు బజారుకు పోయిన వేళ చూసుకుని వచ్చేది. పళ్లెం పట్టుకొస్తే "బట్ట వద్దు, మాట చెప్పు" అనేది. అంతా మంచిగనేనా అని అడగడం కూడా మానేసింది. "ఇంకోసారి కాన్పుకొస్తే ఏం మార్చాలె?" అని అడిగి అటు తిరిగేది. మొదట ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఆమె గ్లాసులు కడుగుతూ ఉండేది. గ్లాసులు అయిపోతే గిన్నెలు. మా వాడలో కొన్ని ఇళ్లలో సిస్టరమ్మ వస్తుందంటే అంట్లు తోమకుండా ఉంచుతారని ఎగతాళి చేసుకునేవాళ్లం.

మెల్లమెల్లగా మాటలు వచ్చాయి. ఒకామె దాహమంటే నీళ్లివ్వలేదని చెప్పింది. ఒకామె పక్కన అమ్మను ఉండనివ్వలేదని చెప్పింది. బిడ్డ చచ్చిపుట్టినామె, బతికిన బిడ్డల తల్లుల పక్కన మంచం వేశారని చెప్పింది. అది విన్న రోజు సిస్టరమ్మ మా ఇంటికి వచ్చి ఊరికే కూర్చుని పోయింది. ఏది మారినా, చెప్పిన మనిషికి కబురు పంపేది. "నువ్వన్నది చేసినం, వచ్చి సూడు." డాక్టరమ్మకు ఇదంతా నచ్చలేదు. "బజార్ల ముచ్చట్లన్నీ దవాఖానకు మోసుకొస్తావేంటి?" అనేదట. ఆయమ్మ అలిగి పని మానేసిపోయింది. సిస్టరమ్మ రోజూ తిట్లు తింటూనే ఉండేది, వాడవాడా తిరుగుతూనే ఉండేది.

నా రెండో కాన్పుకు ఆమే ఉంది. తెర వేసింది, నడుము మీద బట్ట కప్పింది. మళ్లీ అదే జరిగింది. నేను రెండు చేతులతో మొహం కప్పుకున్నాను, దెబ్బ కోసం తొడ బిగపట్టాను. ఆమె తడిబట్ట తీసుకుని తుడిచింది, ఇంకోటి పరిచింది. "గిది అందరికైతది బిడ్డా. బిడ్డ తల కిందికి దిగుతుంటే అది ఆగదు. బిడ్డ వస్తున్నట్టు లెక్క, ముక్కు" అంది. అంతే. ఇంత చిన్న మాట మొదటిసారే అనివుంటే ఏం పోయేది అని, ఆ నొప్పుల్లోనే నాకు ఏడుపొచ్చింది.

తర్వాత ఆమె పని మానేసింది, మోకాళ్లు పోయాయి. తెలంగాణ ఉద్యమం రోజుల్లో రోడ్ల మీద జనం, జెండాలు, వంటావార్పులు. వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని అందరినీ చూస్తూ ఉండేది. నేను పోతే "ఎట్లున్నవ్?" అని అడిగి, అలవాటుకొద్దీ మొహం అటు తిప్పుకునేది. అటు తిరిగి చేయడానికి చేతిలో పని లేదు, పైటకొంగు మడతపెట్టి విప్పేది.

ఆమెను మట్టిచేసే నాడు నేను పోయేసరికి వాకిట్లో పందిరి వేశారు. చర్చి వాళ్లు పాడుతున్నారు. పెట్టెలో తెల్లచీరతోనే పడుకోబెట్టారు. దవాఖాన నర్సులు చాప మీద కూర్చుని ఉన్నారు, చాలామంది కొత్త పిల్లలు. ఉత్తచేతుల్తో పోలేక నేనొక రవికెబట్ట తీసుకుపోయాను. బట్ట వద్దు, మాట చెప్పు అనేది కదా, ఏం చెప్పాలో తెలియక బట్ట చంకలో పెట్టుకుని వాళ్ల వెనక కూర్చున్నాను.

పాట ఆగాక, ఇప్పుడు సిస్టరమ్మ చోట ఉన్న పెద్ద నర్సు కళ్లు తుడుచుకుంటూ కొత్త పిల్లలకు చెప్పడం మొదలుపెట్టింది.

"నేను డ్యూటీల చేరిన మొదటిరోజు నన్ను కూసోబెట్టి చెప్పింది. ఎవరు కొత్తగ చేరినా గంతే, ఫస్టు గిదే చెప్పేది. 'నేనొక ఆడిమనిషిని కాన్పు టేబుల్ మీద కొట్టిన బిడ్డా, కొట్టి మర్చిపోయిన, ఆమె చెప్పకపోతే ఇంకెందర్ని కొడుదునో' అనేది. చెప్పుకుంట ఏడ్సేది."

నా చెవులు వేడెక్కాయి. కొంగు నెత్తి మీదికి లాక్కున్నాను. తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసు. ఇంతమందిలో, ఈ పిల్లల ముందు, ఆ టేబుల్ సంగతి వస్తుంది. లేచిపోదామంటే చుట్టూ జనం.

"ఎందుకు కొట్టిందట అక్కా?" అని ఒక పిల్ల అడిగింది.

"నొప్పులకు ఓర్వలేక ఒర్రిందట. గందుకే కొట్టిన అనేది."

నేను తలెత్తాను. ఒర్రినందుకా? నేను ఆ రోజు అరవనే లేదు. ఒర్రడానికి కూడా నాకు సిగ్గే.

"ఎవరట ఆమె?"

"ఎన్నిసార్లడిగినా పేరు చెప్పలే."

అప్పుడు అర్థమైంది. తన తప్పు ఊరందరి ముందు విప్పుకుంది, నా సిగ్గును మాత్రం ఎవరి కంటా పడనివ్వలేదు. చాటుచేయడానికి తెర చాలదని, మాటను కూడా మార్చింది. నా కోసం ఇన్నేళ్లు ఒక అబద్ధం మోసింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

ఆ అడిగిన పిల్ల పక్కపిల్ల చెవిలో మెల్లగా అంటోంది. నాకు దగ్గరే, వినిపించింది.

"ఒర్రితే కొట్టుడేంది పాపం, నేనైతే ఏమనను. గని కొందరుంటరు సూడు, టేబుల్ మీద్నే కానిచ్చేస్తరు. మొన్న ఒకామె గట్లనే చేసింది. సిగ్గు లేదా నీకు అని మస్తు తిట్టిన."

అదే మాట. అక్షరం తేడా లేకుండా అదే మాట. ఆ మొన్నటి ఆమె ఇప్పుడు ఏ వాడలో, ఏ రేకుల ఇంట్లో తలుపేసుకుని ఉందో. నెల దాటినా ఆమె ఇంటికి పోయి గ్లాసులు కడిగేవాళ్లు ఎవరూ లేరు. అడిగేవాళ్లు లేకపోతే ఆమె చచ్చినా చెప్పదు, నాకు తెలుసు కదా.

లేచాను. పెట్టె దగ్గరికి పోయి రవికెబట్ట సిస్టరమ్మ కాళ్ల మీద పెట్టాను. అందరూ చూస్తున్నారు. వాళ్ల మొహాలు చూస్తే నా నోరు రాదు. అటు తిరిగి, ఆ బట్ట మడతలు సవరిస్తూ నిలబడ్డాను.

"ఆ ఆడిమనిషిని నేనే" అన్నాను. "నేను ఒర్రలే బిడ్డా. టేబుల్ ఖరాబు చేసిన, గందుకు కొట్టింది. సిగ్గు లేదా అన్నది. నా ఇజ్జత్ పోవద్దని మీకు సగమే చెప్పింది సిస్టరమ్మ. మిగిలింది నేను చెప్త. మొదటికెల్లి చెప్త, ఇనున్రి."